కుర్చీల సఫ్

మా జనగామ మసీదులో వెనక సఫ్ పక్కన, గోడకు ఆనించి ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటయి. నా చిన్నప్పుడు అక్కడ ఒక్క చెక్క స్టూలు ఉండేది, కాలు విరిగిన ఒక ముసలాయన కోసం. ఇప్పుడు జుమా నాడు పదకొండు కుర్చీలు పడుతయి. పోయినేడాది ఒక జుమాకు పన్నెండో కుర్చీ నేనే తెచ్చి వేసుకున్న. నాకప్పుడు 45 ఏండ్లు.

ఖుత్బా నడుస్తున్నది గానీ నా దిల్ అక్కడ లేదు. ఎవరు చూస్తున్నరు, ఏమనుకుంటున్నరు అన్న ఫికరే. పక్క కుర్చీలో డెబ్బై దాటిన పెద్దమనిషి నన్ను కింది నుంచి మీదికి చూసి, "క్యా మియా, తుమ్ భీ ఆగయే ఇదర్?" అని చిన్నగ నవ్విండు. ఆయన మజాక్‌గనే అన్నడు. నాకు మాత్రం సలాం తిప్పేదాక ఆ మాటే చెవుల తిరిగింది.

మాజూర్‌కు కుర్చీ మీద నమాజ్ చదివే రుఖ్సత్ ఉన్నది. ఆ మసలా ఆలిమ్ సాబ్‌లది, నాది కాదు. నా సవాల్ వేరే. నాకు మాజూరీ ఎట్ల వచ్చింది? మా ఇండ్లల్ల ఇంతమందికి, ఇంత తొందరగా ఎందుకు వస్తున్నది?

*

నాకు వచ్చిన తీరు చెప్తే నవ్వుతరు. జిమ్‌ల వచ్చింది.

ఇరవై ఏండ్ల విలేకరి పని. 2016 అక్టోబర్ 11న వరంగల్ జిల్లా ముక్కలైనంక జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు వేరు వేరు జిల్లాలైనయి. పేర్లు మారినయి గానీ నా తిరుగుడు తగ్గలేదు. ఇల్లు జనగామ, కొన్నేండ్ల డ్యూటీ మహబూబాబాద్, ఆపా ఇల్లు భూపాలపల్లి. బండి మీద కూసోవాలె, బస్సుల కూసోవాలె, ప్రెస్‌మీట్ల కూసోవాలె, రాత్రి కంప్యూటర్ ముందర కూసోవాలె. నడుం పట్టేసుడు మామూలైపోయింది. ఎవరో దోస్త్ చెప్పిండు, "జిమ్‌కు పో, నడుము గట్టిపడ్తది" అని. పోయిన.

మూడో రోజు. అక్కడ నేర్పే పిల్లగాడు, మా బిడ్డ ఈడువాడే, నన్ను నేల మీద కూసోబెట్టి, వీపును బెంచీకి ఆనించి, తొడల మీద ఇనుప రాడ్డు పెట్టిండు. ఈ వర్జిష్‌ను హిప్ థ్రస్ట్ అంటరట. నడుం కింది భాగాన్ని ఆ బరువుతోని మీదికి లేపాలె. పక్కన ఇరవై ఏండ్ల పోరగాండ్లు చూస్తున్నరు. "ఎంత పెట్టాలె అంకుల్?" అన్నడు. ఆ 'అంకుల్' నన్ను గుచ్చింది. "నీ ఇష్టం" అన్న. 60 కిలోలు పెట్టిండు. రాడ్డుకు మెత్త లేదు, బెంచీ వెనక గోడ లేదు. నాలుగోసారి లేపేటప్పుడు బెంచీ వెనకకు జరిగింది. నేను రాడ్డును వదలక నడుమును విల్లులెక్క వంచి మీదికి తోసిన. నడుముల ఏదో పటుక్కుమన్నది.

ఆ పిల్లగానిది సగం తప్పు, నాది సగం. వాడు నేర్పకుండ పెట్టిండు, నేను నేర్వకుండ ఎత్తిన. మూడు వారాలు కుర్చీ మీదనే నమాజ్.

*

ఫిజియోథెరపీ చేసే మేడం దగ్గరికి పోయిన. నడుముకు కరెంటు పెడ్తదేమో, బెల్టు ఇస్తదేమో అనుకున్న. ఆమె నన్ను వెల్లకిల పండుకోబెట్టి, మోకాళ్లు మడిపించి, "సార్, నడుం కింది భాగం మెల్లగ లేపండి" అన్నది. లేపిన. "ఎక్కడ పట్టినట్టున్నది?"

"నడుముల."

"ఇంకా?"

"తొడల వెనక."

"అంతేనా?"

అంతే. ఆమె తల ఊపింది. "పట్టాల్సిన చోట పట్టలేదు సార్. మీ నడుము చెడిపోలేదు. వేరేవాళ్ల పని నెత్తిన వేసుకొని అలసిపోయింది."

ఆ వేరేవాళ్లు ఎవరో ఆమె చెప్పింది. ఇక్కడ నాకొక ముష్కిల్. ఆ కండరం పేరు మన ఇండ్లల్ల గట్టిగ పలుకరు. ఉర్దూ మీడియం బడిలో సైన్స్ ఉస్తాద్ 'సురీన్' అని ఒక్కసారి అని, బోర్డు దిక్కు తిరిగి నిలబడ్డడు. తర్వాత తెలుగు డిగ్రీలో చేరితే, ప్రబంధ కవులు నాయికను వర్ణించే పద్యాలల్ల అదే అవయవం రాజ్యమేలుతున్నది! ఆ పద్యాలొస్తే మా మాస్టారు "ఇవి మీరే చదువుకోండి" అని పేజీ తిప్పేటోడు. అట్ల రెండు జుబాన్లల్ల చదువుకొని కూడా, నా ఒంట్లో అన్నిటికంటె పెద్ద కండరం ఏం పని చేస్తదో నాకు 45 ఏండ్ల దాక తెల్వదు. మన ఇంట్ల చెల్లే మాట కూల్హా. ఇగ కూల్హా అనే అందాం.

కూల్హా వెనక మూడు కండరాలున్నయి, ఒకదాని మీద ఒకటి. పైన ఉన్నది ఒంట్లో అన్నిటికంటె పెద్దది. దాని ముఖ్యమైన పని ఒక్కటే. ముందుకు మడిగిన తుంటిని సాఫ్ చెయ్యడం, అంటే వంగిన మనిషిని నిలబెట్టడం. కుర్చీల నుంచి లేచినప్పుడు, మెట్లెక్కినప్పుడు, ఉరికినప్పుడు, నేల మీది బిందె ఎత్తినప్పుడు అది పని చెయ్యాలె. లోపలి రెండు చిన్నయి, నడిచేటప్పుడు ఒంటికాలి మీద బరువు పడ్డప్పుడు మనిషి పక్కకు ఒరగకుండ పట్టుకుంటయి. తొడ వెనక కండరాలు పెద్దదానికి సాయం.

రోజుకు పది గంటలు దాని మీదనే కూసుంటే ఏమైతది? తొడ ముందరి నరాలు బిగుసుకపోతయి, వెనకది ఢీలా పడ్తది. కానీ లేచుడు ఆగదు కదా. లేవాలె. అప్పుడు ఆ పని నడుము మీద పడ్తది. నడుము ఉన్నది ఒంటిని కదలకుండ నిలిపి పట్టడానికి. బరువు లేపే మోటరు అది కాదు.

ఇది విన్నంక నాకు మక్తబ్‌లో హాఫిజ్ సాబ్ నేర్పిన రుకూ యాదికొచ్చింది. వీపు మీద నీళ్ల గిన్నె పెట్టినా ఒలకొద్దు అనేటోడు. చేతులు మోకాళ్ల మీద, వీపు సమం, తల కిందికి వాలొద్దు, మీదికి లేవొద్దు. ఎవరి రుకూ గుండ్రంగ ఉంటే వాని వీపు మీద అరచెయ్యి పెట్టి సాఫ్ చేసేటోడు. మేడం నాకు చీపురు కట్టె వీపు వెంట ఆనించి నేర్పింది సరిగ్గ గదే. తల వెనక, వీపు, వెన్ను చివర, మూడు చోట్ల కట్టె తగిలి ఉండాలె. మోకాళ్లు కొద్దిగ సడలాలె. నడుము వంగొద్దు, తుంటి దగ్గర మడత పడాలె. చేతులల్ల గిన్నెలుంటే అల్మారా తలుపును కూల్హాతోని వెనకకు నెట్టినట్టు.

నమాజ్ వర్జిష్ కోసం కాదు, ఇబాదత్. ఆ మాట ముందే చెప్తున్న. అయినా ఫర్జ్ రకాతులే దినానికి 17. అంటే 17 సార్లు ఆ మడత, 17 సార్లు ఆ మడత నుంచి లేచుడు, 34 సజ్దాలు. ఇన్నిసార్లు లేచే కౌమ్‌కు లేవడం ఎందుకు కష్టమైతున్నదన్నదే నా పరేషానీ. జవాబు సాదా. ఒంటి బరువు ఒక్కటే రోజూ మోస్తే కండరం దానికి అలవాటు పడ్తది, అక్కడనే ఆగుతది. వయసు మీద పడ్తుంటే కండ కరుగుతది. కరిగినదాన్ని మళ్ల కట్టాలంటే ఇంతకుముందు లేని బరువు కొద్దికొద్దిగ ఇవ్వాలె. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సలహా కూడా ఇదే: పెద్దోళ్లందరు వారానికి కనీసం 2 రోజులు కండలకు బలమిచ్చే వర్జిష్ చెయ్యాలె, 65 దాటినోళ్లు బలంతోపాటు తూలిపడకుండ నిలదొక్కుకునే కసరత్తు వారానికి 3 రోజులు చెయ్యాలె. మనం 65 దాటినోళ్లకు ఏం చెప్తున్నం? "ఆరామ్ కరో అమ్మీ."

*

బరువు ఎట్ల ఎత్తాలో తెలిసినోళ్లు నాకు జిమ్‌ల కాదు, మహబూబాబాద్‌ల దొరికిండ్రు. మానుకోట మార్కెట్ యార్డుల మిర్చి సీజన్ వార్త కోసం పోయినప్పుడు ఒక హమాలీ పెద్దాయనతోని మాట కలిసింది. నా నడుము కథ విని ఆయన పకపక నవ్విండు. బస్తా దగ్గరికి పిలిచి, "ఎత్తు సాబ్, ఊకె అట్ల పట్టి చూపియ్యి" అన్నడు. నేను వంగిన. "ఆగు ఆగు. నువ్వు బస్తాకు సలాం చేస్తున్నవ్. బస్తా నీకు సలాం చెయ్యాలె."

ఆయన చేసి చూపిండు. కాళ్లు బస్తాకు రెండు దిక్కుల, వెనకభాగం వెనకకు, రొమ్ము ముందరికి. వెనకభాగానికి ఆయన వాడిన మాట మీ ఇంట్ల పిల్లలు చదువుతరని ఇక్కడ రాస్తలేను. బస్తా ఒంటికి ఆనుకొని ఉన్నది. ఊపిరి బిగబట్టి కాదు, "హుఁ" అని వదులుతూ లేచిండు. నడుము ఎక్కడా గుండ్రం కాలే. మేడం చీపురు కట్టెతోని నేర్పింది ఆయన ఏ కట్టె లేకుండ నేర్చిండు.

అయితే ఆయన ఇంకో మాట కూడా చెప్పిండు. ఆ మాట లేకుంటే ఈ ముచ్చట అబద్ధమైతది. "మా పనిల తరీఖా పొద్దున ఉంటది సాబ్, సాయంత్రం ఉండది." వందో బస్తాకు ఒళ్లు అలసిపోతది, వీపు గుండ్రమైతది, అయినా లారీ ఆగదు. ఆయన తోటోళ్లల్ల నడుములు పోయినోళ్లు చాన మంది. బరువు ఒళ్లును కట్టాలంటే మూడు కావాలె: ఎంత ఎత్తాలో మన చేతుల ఉండాలె, తరీఖా చెడగానే ఆపే హక్ ఉండాలె, ఎత్తినంక ఆరాం దొరకాలె. హమాలీకి మూడూ లేవు. జిమ్‌ల నాకు మూడూ ఉండె. నేనే కాలదన్నిన.

మా అబ్బా బతికున్నప్పుడు చెప్పేటోడు, వాళ్ల జవానీల తాలీమ్‌ల చేరినోనికి ఉస్తాద్ నెలల కొద్దీ ముగ్దర్ ముట్టనిచ్చేటోడు కాదట. ముందుగాల బైఠక్‌లే. మోకాళ్లు, తుంటి, ఊపిరి మూడూ ఒక తాళంల పడేదాక బైఠక్‌లే. 1910లో లండన్‌ల, 1928లో పటియాలాల జిబిస్కోతోని కుస్తీ పట్టిన గామా పహల్వాన్ పేరు తీసినప్పుడల్లా అబ్బా కుస్తీ సంగతి తర్వాత, బైఠక్‌ల సంగతి ముందు చెప్పేటోడు. నేను మూడో రోజు 60 కిలోలు ఎత్తిన సంగతి ఆయనకు తెలిస్తే ఏమంటుండెనో నాకు తెల్సు.

*

భూపాలపల్లి మా దూలాభాయి కథ దీనికి ఉల్టా. ఆయన బొగ్గుబాయి మనిషి. కేటీకే గనుల్ల ఏండ్లకేండ్లు బాయి దిగిండు, ఎక్కిండు. ఇంక్లైన్ గని అంటే ఏటవాలు దారి. ఆ వాలు ఎక్కడమంటే అడుగడుగుకు కూల్హాకు పని. మా పెండ్లిళ్లల్ల డేగ్‌లు దించాలంటే అందరు ఆయన్నే పిలిచేటోళ్లు. అలాంటి మనిషి రిటైరైనంక "చాలు, జిందగీ మొత్తం కష్టపడ్డ" అని కుర్చీల కూసున్నడు. ఆ మాట అనే హక్ ఆయనకున్నది. కానీ రెండేండ్లకు నేను పోయి చూస్తే సజ్దా నుంచి లేవడానికి పక్కన దీవాన్ పట్టుకుంటున్నడు.

"అంత తాఖత్ ఏమైంది దూలాభాయి?" అన్న.

"బాయిలనే ఇడిసొచ్చిన మియా" అన్నడు.

సర్కారు కొలువుకు పెన్షన్ ఉంటది, కండకు ఉండది. దానిది రోజు కూలీ లెక్క. పని బందైన నాటి నుంచి జమ బంద్.

*

ఇదంతా నా నడుముతోని ఆగిపోతే ఈ వ్యాసం రాయకపోదును. పోయిన చలికాలం ఒక తెల్లారుజామున అమ్మీ బాత్రూంల జారింది. అల్హందులిల్లాహ్, ఎముక విరగలేదు. కానీ లేవలేకపోయింది. ఫజర్‌కు మా బేగం లేచేదాక ఆ చల్లటి బండల మీదనే పడి ఉన్నది. ఎంతసేపో అమ్మీకి కూడా తెల్వదు.

"పిలువలేదేంది అమ్మీ?"

"పిలిచిన బేటా. మెల్లగ పిలిచిన. పిల్లల నీంద్ ఖరాబ్ అయితదని."

ఆ తర్వాత చాన దినాలకు మా బేగం కనిపెట్టింది, అమ్మీ మగ్రిబ్ తర్వాత నీళ్లు తాగుడు బంద్ చేసిందని. రాత్రి లేవాల్సి వస్తదని భయం. డెబ్బై ఏండ్ల మనిషి, బీపీ గోళీలు మింగే మనిషి, దాహమైతే నోరు కట్టుకొని పండుకుంటున్నది. పడినందుకు కాదు ఆ భయం, లేవలేకపోయినందుకు.

డాక్టర్‌కు చూపించినం. ఎక్స్‌రే, బీపీ, కండ్లు, గోళీలు అన్నీ చూసిండు. బాత్రూంల పట్టుకునే రాడ్డు బిగించినం, రాత్రి దీపం పెట్టినం. వర్జిష్ చేయించొచ్చా అంటే, "చేయించాలె, కానీ మెల్లగ" అన్నడు. అప్పుడు మొదలుపెట్టినం. అమ్మీ జిమ్‌కు రాదు, రావాల్సిన పని లేదు. మా తఖ్తే జిమ్ అయింది.

ముందుగాల తఖ్త్ మీద రెండు తకియాలు వేసి ఎత్తు చేసినం. దాని మీద కూసొని, పాదాలు మోకాళ్ల కిందికి లాగి, ముక్కు పాదాల వేళ్ల మీదికి వచ్చేటట్టు ముందుకు ఒరిగి, చేతుల సాయం లేకుండ లేచుడు. కూసునేటప్పుడు దబ్బున పడొద్దు, మూడు లెక్కపెట్టుకుంట దిగాలె. ఐదు సార్లు, ఆరాం, మళ్ల ఐదు సార్లు. నేను లెక్కకు తస్బీహ్ తీసుకుంటే, "అది దీనికి కాదు" అని కోప్పడ్డది. వేళ్ల మీద లెక్కపెట్టినం. మూడు వారాలకు ఒక తకియా తీసేసినం. ఇంకో నెలకు రెండోది. తర్వాత ఛాతీకి ఆనించి 1 కిలో చక్కెర పొట్లం. తర్వాత 2 కిలోల బియ్యం సంచి. బరువు పెంచినప్పుడు లేచేవాటి లెక్క తగ్గించినం.

దానితోపాటు ఒక నమూనా పాఠం పడినంక లేచుడు. చాప మీద, పక్కన గట్టి కుర్చీ పెట్టి. పక్కకు దొర్లాలె, చేతులు మోకాళ్ల మీదికి రావాలె, కుర్చీ పట్టుకొని ఒక పాదం ముందర పెట్టాలె, ఆ పాదం మడమతోని నేలను నొక్కి కూల్హాతోని లేవాలె. మొదటి దినం అమ్మీ ఏడ్చింది. నొప్పికి కాదు. మేమిద్దరం పక్కన నిలబడి ఎత్తకుండ చూస్తున్నం కదా, అందుకు.

*

నా పని నేను వేరేగ మొదటి నుంచి మొదలుపెట్టిన. మీల ఎవరికన్న పనికొస్తదని ఆ తర్తీబ్ రాస్తున్న.

మొదటి నెల బరువే లేదు. వెల్లకిల పండుకొని మోకాళ్లు మడిచి, ఊపిరి వదులుతూ, ముందు కూల్హాను బిగించి, తర్వాత లేపుడు. భుజం, తుంటి, మోకాలు ఒక గీతలకు రాంగనే ఆపాలె. ఇంకా మీదికి పోతే నడుము విల్లు అయితది, అదే నేను జిమ్‌ల చేసిన తప్పు. మీద రెండు లెక్కపెట్టి మెల్లగ దించాలె. తొడ వెనక నరం గుంజుతుంటే పాదాలు కొద్దిగ దగ్గరికి తెచ్చుకోవాలె. నడుముల పట్టినట్టుంటే ఎత్తు తగ్గించాలె. పది సార్లు, మూడు దఫాలు. దీనితోపాటు చీపురు కట్టె రుకూ.

రెండో నెల సంచిల 5 కిలోల బియ్యం. నిలబడి రెండు చేతులతోని పట్టుకొని, అదే మడత, అదే లేచుడు. సంచి తొడలకు రాసుకుంట దిగాలె, రాసుకుంట లేవాలె. ఒంటికి దూరమైతే బరువంతా నడుము మీదికి పోతది.

మూడో నెల మళ్ల హిప్ థ్రస్ట్. ఈసారి బెంచీ గోడకు ఆనించిన. రాడ్డుకు లిహాఫ్ ముక్క చుట్టిన. బెంచీ అంచు భుజపుటెముకల కింది భాగానికి తగలాలె, మెడకు కాదు. గడ్డం లోపలికి, పక్కటెముకలు కిందికి. మీదికి లేచినప్పుడు మోకాలి కింద కాలు నేలకు నిటారుగ ఉండాలె. పాదాలు మరీ దూరమైతే పని తొడ వెనకకు పోతది, మరీ దగ్గరైతే తొడ ముందరికి పోతది. ఖాళీ రాడ్డుతోనే మొదలుపెట్టిన, అదే 20 కిలోలు ఉంటది. ఆ పిల్లగాడు ఈసారి నా మాట విన్నడు. ఇప్పుడు కొత్తగ వచ్చినోళ్లకు ముందు బెంచీ గోడకు నెడుతున్నడు.

బరువు ఎప్పుడు పెంచాలె? నేను పెట్టుకున్న ఉసూల్ ఇది. పన్నెండు సార్లు చేసినంక కూడా ఇంకో రెండు మంచి తరీఖాల చెయ్యగలననిపించాలె. వరుసగ రెండు దినాలు అట్ల అనిపిస్తే 2 కిలోలో, 2.5 కిలోలో పెంచాలె. వారానికి రెండే దినాలు, నడుమ కనీసం ఒక దినం ఆరాం. తెల్లారి కండ సలుపుతది, రెండు మూడు దినాలల్ల పోతది, దానికి భయపడొద్దు. కీలుల, వెన్నుల పొడిచినట్టుంటే అక్కడనే ఆపాలె. ఊపిరి బిగబట్టొద్దు, బీపీ ఎగుస్తది. బీపీ, గుండె, షుగర్, హెర్నియా, ఆపరేషన్లు, గుల్లబారిన ఎముకలు ఉన్నోళ్లు డాక్టర్‌ను అడిగే మొదలుపెట్టాలె. నొప్పి మోకాలు దాటి కిందికి పాకితే, కాలు తిమ్మిరెక్కితే వర్జిష్ కాదు, దవాఖానా. మూత్రం మీద పట్టు తప్పితే ఆ గంటలనే పోవాలె. రమ్జాన్‌ల నేను బరువు సగం చేసి, ఇఫ్తార్ అయి తరావీహ్ చదివినంక చేసిన. షుగర్ గోళీలున్నోళ్లు డాక్టర్‌ను అడగకుండ అది కూడా చెయ్యొద్దు.

*

మా బిడ్డ డిగ్రీ చదువుతున్నది. దాదీతోని చేయించేది ఎక్కువ అదే. ఒక దినం, "అబ్బూ, నేను కూడా రాడ్డు ఎత్తుత" అన్నది. మా బేగం నా మొఖం చూసింది. మొదటి ముక్క నా నోట్లెకెల్లి కూడా "ఆడపిల్లవు" అనే వచ్చేది. మింగిన.

నేను డిగ్రీల ఉన్నప్పటి సంగతి యాదికొచ్చింది. 2000 సెప్టెంబర్, సిడ్నీ ఒలింపిక్స్. ఆడోళ్ల వెయిట్ లిఫ్టింగ్ ఒలింపిక్స్‌ల పెట్టుడే అది మొదటిసారి. శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంల స్నాచ్‌ల 110, క్లీన్ అండ్ జర్క్‌ల 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. అప్పుడు మేం పేపర్ల ఫొటో చూసి "చేతులు చూడుర ఎంత బలమో" అనుకున్నం. అది చేతుల పని కాదని నాకు ఇప్పుడు తెలిసింది. నేల నుంచి రాడ్డు మోకాళ్లు దాటేదాక ఓపిక, మోకాళ్లు దాటినంక తుంటి ఒక్క ఝట్కాతోని సాఫ్ కావడం. రాడ్డును మీదికి విసిరేది ఆ ఝట్కానే. మన నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022ల, 2023ల ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు మన మొహల్లాలల్ల మిఠాయిలు పంచుకున్నం కదా. ఆమె ముష్టిఘాతం కూడా పాదం నుంచి మొదలై కూల్హా మీదికెల్లే చేతికి పోతది.

మిఠాయి పంచుడు ఆసాన్. మన ఇంట్ల బిడ్డకు 5 కిలోల సంచి ఇచ్చుడు ముష్కిల్. ఆమెకు ముప్ఫై, నలభై, డెబ్బై ఏండ్లు వస్తయి. మన ఇండ్లల్ల ఆడోళ్ల పని వంగి చేసేదే ఎక్కువ, లేచి నడిచేది తక్కువ. కాన్పులు, బిందెలు, పొయ్యి, గచ్చు తుడుసుడు. అదంతా హమాలీ పని లెక్కనే: ఎంత ఎత్తాలో ఆమె చేతుల ఉండది, ఆపే హక్ ఉండది, ఆరాం ఉండది. జిస్మ్ అమానత్ అని బయానుల్ల వింటం. ఆ అమానత్‌ను కాపాడుకునే తరీఖా నేర్పకుండ ఉట్టిగ చెప్తే ఏం ఫాయిదా?

ఇంటి వెనక గది తలుపేసుకొని బిడ్డ, దాదీ ఇద్దరు చేస్తున్నరు. మా బేగం కూడా నెల రోజుల నుంచి పోతున్నది. లోపలికెల్లి నవ్వులు వినిపిస్తయి. నాకు ఇజాజత్ లేదు.

*

నేను మళ్ల సఫ్‌ల నిలబడుతున్న. రాడ్డు మీద ఇప్పుడు 40 కిలోలు. ఆ 60 ఇంకా రాలేదు, తొందర లేదు. కుర్చీ మీది పెద్దమనిషి నన్ను చూసి, "చలే గయే, బేవఫా" అన్నడు. ఆయన మోకాళ్లు అరిగిపోయినయి, ఆయనకు కుర్చీ జరూరత్. నేను ఆయనకు తకియా మీద కూసొని లేచుడు చూపించిన. చేస్తున్నడో లేదో అడగలేదు.

అమ్మీ నమాజ్ ఇంకా కుర్చీ మీదనే. మోకాళ్ల వల్ల అట్లనే ఉంటదేమో, అల్లా మర్జీ. కానీ ఆ కుర్చీల నుంచి చేతులు ఆనించకుండ లేస్తున్నది. మొన్న రాత్రి నేను ఆలస్యంగ పండుకున్న. రెండు దాటినంక అమ్మీ గదిల దీపం వెలిగింది. తఖ్త్ కిర్రుమన్నది. చప్పల్ల చప్పుడు బాత్రూం దాక పోయింది, మళ్ల వచ్చింది. నేను లేవబోయి ఆగిన. తర్వాత కుండల గిలాస ముంచిన చప్పుడు.

అమ్మీ నీళ్లు తాగింది.